పక్క కొమ్మ మీద ఎవరు?

ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనలు సరదాకి చదివేవాళ్ళు గమనించే ఉంటారు. తమ గురించి చెప్పుకునేది గోత్రం, నక్షత్రం, జీతం. మిగతాదంతా ఎదుటివాళ్ళకి ఉండాల్సిన లక్షణాలే! ఆన్‌లైన్‌లో రోల్‌ప్లే రాసే కుర్రకారు తోడు రచయిత కోసం పెట్టే ప్రకటనలు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. 'కనీసం అయిదు పేరాలు రాయాలి. రోజూ జవాబివ్వాలి. ఒక్క లైను రాసేవాళ్ళు రావద్దు.' ఇన్ని షరతులు పెట్టిన మనిషి, రాయబోయే కథేమిటో మాత్రం చెప్పడు.

రోల్‌ప్లే సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇద్దరు కలిసి ఒక కథ రాస్తారు. ఒక పాత్ర నాది, ఇంకోటి మీది. నా పాత్ర ఏమందో, ఏం చేసిందో రాసి పంపిస్తాను. అది చదివి మీ పాత్ర ఏం చేసిందో మీరు రాస్తారు. తర్వాత ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలీదు. అదే అందులో మజా. దీని మూలాలు ఆటల్లో ఉన్నాయి. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలో పాత్రగా మాట్లాడటమే ఆ ఆట. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు 'మడ్' తయారుచేశారు. బొమ్మల్లేకుండా ఒట్టి అక్షరాలతో కంప్యూటర్ మీద నడిచే ఆట అది. ఇలాంటి ఆటల్లోంచి పాచికలు, మార్కులు తీసేస్తే మిగిలేది కథ.

ఎదుటివాడి మాటను బట్టి మన మాట మార్చుకోవడం మనకీ కొత్త కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి చూడండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఫలానా అక్షరం రాకూడదంటాడు పృచ్ఛకుడు. ఇంట్లో పద్యం కట్టుకుని వస్తే అక్కడ చెల్లదు. ఇక జంటకవులకు లోటే లేదు. అయితే మన జంటలేవీ ప్రకటన చూసి కలిసినవి కావు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. పింగళి, కాటూరి ఆ చెళ్ళపిళ్ళవారి శిష్యులు. కలం కలపకముందే ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. మీరెవరో, ఎలా రాస్తారో తెలియాలంటే ఆ పది లైన్ల ప్రకటనే దిక్కు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు కదా, ఆ మెతుకు ఇదే.

'చరిత్ర నేపథ్యంలో కథ రాయడానికి పార్ట్‌నర్ కావాలి. ఆసక్తి ఉంటే మెసేజ్ చెయ్యండి' అని రాశారనుకోండి. తప్పేం లేదు. కానీ పట్టుకోడానికి పిడి ఏదీ? అదే మాటని ఇలా రాసి చూడండి:

'1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేస్తోంది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కినవాళ్ళలో నా పాత్ర నర్సింగ్ ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ వాడు, ఓ సేఠ్ దుకాణంలో గుమాస్తా. నడుముకి చుట్టుకున్న గుడ్డలో రెండొందల హాలీ రూపాయలున్నాయి. అవి తనవి కావు. పక్క కొమ్మ మీద ఎవరున్నారో మీరు రాయండి.'

ఆ చెట్టు కల్పన కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరదలో దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారని చెబుతారు. కల్పించినవల్లా నర్సింగ్, అతని మూట. మూట గురించి చెప్పి, అందులోకి డబ్బెలా వచ్చిందో చెప్పలేదు. అంతకన్నా ముఖ్యం, పక్క కొమ్మని ఖాళీగా వదిలేశారు. అక్కడే చాలామంది చెయ్యి ఊరుకోదు. 'పక్క కొమ్మ మీద పంతొమ్మిదేళ్ళ అందగత్తె ఉండాలి, తెల్లారేసరికి నర్సింగ్‌ని ప్రేమించాలి' అని రాసేస్తారు. ఇక వచ్చినవాళ్ళకి టైపు కొట్టడం తప్ప పనేముంది? ఖాళీగా వదిలితే ఆ కొమ్మ మీదకి సేఠే రావచ్చు, మంత్రసాని రావచ్చు, చేతిలో మేకపిల్లతో ఓ పిల్లాడు రావచ్చు.

భాష సంగతీ అక్కడే తేల్చెయ్యాలి. తెలుగులో రాయాలనుకుని, ఎవరూ రారేమోనని ఇంగ్లీషులో ప్రకటన పెడితే వచ్చేది ఇంగ్లీషు రాసేవాళ్ళే. తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల తెలుగా? నర్సింగ్ హైదరాబాదు మాటే మాట్లాడతాడా? ఒక్క వాక్యం చాలు.

టైము గురించి గొప్పలొద్దు. రోజూ రాస్తానని చెప్పి పదో రోజున మాయమయ్యేకన్నా, వారానికి ఒక్కసారే రాస్తాననడం నయం. ఇలాంటి కథలు ఎక్కువగా చచ్చిపోయేది చెప్పాపెట్టకుండా మానేయడం వల్లే. నెలల తరబడి పెంచిన పాత్ర చెట్టుమీదే ఉండిపోతుంది. దింపేవాళ్ళుండరు. బయటివాళ్ళకి నవ్వులాటగా ఉంటుందిగానీ, రాసినవాళ్ళకి నిజంగానే దిగులు. 'మానేయాలనిపిస్తే ఒక్క మాట చెప్పండి, కారణం అడగను' అని ముందే రాసుకుంటే ఆ మాట చెప్పడం ఎదుటివాళ్ళకి తేలికవుతుంది.

షరతుల చిట్టా చదివి నవ్వుకున్నాం గానీ, రెండు విషయాలు మాత్రం మొహమాటం లేకుండా రాయాల్సిందే. ఒకటి వయసు. పెద్దవాళ్ళయితే 18 నిండినవాళ్ళతోనే రాస్తామని స్పష్టంగా చెప్పాలి. పిల్లలయితే తమ ఈడువాళ్ళతో, ఇంట్లోవాళ్ళకి తెలిసేలా రాసుకోవాలి. రెండోది, ఏం రాయరో. హింస ఎంతవరకు, శృంగారం ఉందా లేదా... ఒకటి రెండు లైన్లు సరిపోతాయి. ఇక పాత్ర వేరు, మనిషి వేరు. నర్సింగ్ ప్రేమించాడంటే రాసినవాడు ప్రేమించినట్టు కాదు. కథ మధ్యలో ఫొటో, ఫోన్ నంబరు, ఊరు, కాలేజీ అడగడం మొదలైతే అది కథ కాదు. అక్కడితో ఆపేయండి, సంజాయిషీ కూడా ఇవ్వక్కర్లేదు.

జవాబు రాసేవాళ్ళకీ ఓ ముక్క. 'ఇంట్రెస్టెడ్' అని ఒక్క మాట పడేసి కూర్చోకండి. అలాంటివి ఓ పది వస్తే వాటిలో మీదేదో ఎవరికి తెలుస్తుంది? కొమ్మ ఖాళీగా ఉంది, ఎక్కేయండి. 'పక్క కొమ్మ మీద ముసలామె కొంగు పిండుకుంటూ నర్సింగ్ నడుము వంకే చూసింది. ఆ గుడ్డ మీద కుట్టు తనదే' అని రెండు వాక్యాలు పంపండి. నర్సింగ్‌ని పుట్టించినవాడికి ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు!