దొంగకు రేడియో తెలియదన్న వాదం

ఇళ్లలో అమర్చే వైర్‌లెస్ అలారం వ్యవస్థల్లో సంకేతాలను గుప్తీకరించడం, అంటే రహస్య సంఖ్య తెలిసిన పరికరానికి తప్ప మరే పరికరానికీ అర్థం కాకుండా మార్చి పంపడం, అవసరానికి మించిన హంగు అన్న అభిప్రాయం అమ్మేవారిలోనూ కొనేవారిలోనూ బలంగా పాతుకుపోయింది. దొంగ గడ్డపార పట్టుకుని వస్తాడే గాని రేడియో శాస్త్రం చదువుకుని రాడన్నది దీనికి ఆధారం. చాలామంది దొంగలు గడ్డపారతోనే వస్తారన్నది కాదనలేనిది. రేడియో దాడికి శాస్త్రజ్ఞానం కావాలన్నది మాత్రం శుద్ధ తప్పు.

2016లో అమెరికాలో ఆండ్రూ జోనెన్‌బర్గ్ అనే భద్రతా పరిశోధకుడు సింప్లిసేఫ్ అలారంపై జరిపిన పరీక్ష ఈ సంగతిని తేల్చేసింది. ఆయన ఆ కంపెనీ కీప్యాడ్‌నూ, సంకేతాలను అందుకునే కేంద్ర పరికరమైన బేస్ స్టేషన్‌నూ తీసుకుని, వాటి సర్క్యూట్ బోర్డులకు తీగలు అతికించి, ఒక చిన్న మైక్రోకంట్రోలర్‌కు కలిపాడు. ఇంటి యజమాని పిన్ నొక్కినప్పుడు గాలిలోకి వెలువడే సంకేతాన్ని ఆ అమరిక పట్టి దాచుకుంటుంది. తరవాత ఒక మీట నొక్కితే దాన్నే తిరిగి పంపుతుంది, బేస్ స్టేషన్ దాన్ని నమ్మి అలారాన్ని ఆపేస్తుంది. పునఃప్రసార దాడి అనే ఈ పద్ధతిలో పిన్ ఏమిటో తెలుసుకోవలసిన అవసరమే లేదు, సామగ్రి ఖర్చు సుమారు 250 డాలర్లు. తెలిసినవాడు ఒకడు తయారుచేసి ఇస్తే, వాడేవాడికి మీట నొక్కడం వస్తే చాలు. అంతకంటే ఘోరమేమిటంటే, ఆ చిప్‌లు ఒక్కసారి మాత్రమే ప్రోగ్రామ్ రాయడానికి వీలైనవి కావడంతో, అప్పటికే ఇళ్లకు చేరిన పరికరాలను ఉన్నచోటే సరిదిద్దే దారి లేకపోయింది. భద్రత పేరుతో డబ్బు తీసుకున్నవారు చేయదగిన పని కాదిది.

గుప్తీకరణ బ్యాటరీని తినేస్తుందన్న సాకు కూడా నిలవదు. 2017 ఏప్రిల్ నుంచి, ఇళ్లలో వాడే వైర్‌లెస్ పరికరాల ప్రమాణమైన జడ్-వేవ్ ధ్రువీకరణ కోరే కొత్త పరికరాలకు ఎస్2 అనే గుప్తీకరణ పద్ధతి తప్పనిసరి అయింది, బ్యాటరీతో నడిచే తలుపు సెన్సర్లు సైతం దానితోనే పనిచేస్తున్నాయి.

గుప్తీకరించినా జామర్‌తో, అంటే అదే ఫ్రీక్వెన్సీలో రొద నింపి, సంకేతాన్ని అడ్డుకోవచ్చు కదా అన్న ఆక్షేపణ ఒక్కటే లెక్కచేయదగినది. జామింగ్‌ను గుప్తీకరణ ఆపలేదు. ఆ మాటకొస్తే, సందేశం సందేశానికీ పెరిగే వరుస సంఖ్యను చేర్చి, దాన్ని ఎవరూ మార్చలేదని సరిచూసే ఏర్పాటు చేయకపోతే పునఃప్రసారాన్నీ ఆపలేదు. అయితే రొదను బేస్ స్టేషన్ పసిగట్టి యజమానిని హెచ్చరించగలదు. పునఃప్రసారంలో అలాంటి జాడేదీ మిగలదు, యజమానే సరైన పిన్‌తో అలారం ఆపినట్టు నమోదవుతుంది, ఇల్లు దోపిడీకి గురైన తరవాత ఆ పని తాను చేయలేదని నిరూపించుకోవలసిన భారం ఆయన నెత్తినే పడుతుంది.