మైకు పెద్దలకు, ఎండ పిల్లలకు!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు

మొన్న ఈ మూడు జిల్లాల్లోనే ఒక ప్రాథమిక బడిలో ఏడాది చివరి ఆటల పోటీలు, పిల్లల ప్రాజెక్టుల ప్రదర్శన ఒకే రోజు పెట్టారు. బడి పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఒక్క బడిని రచ్చకీడ్చడం మా ఉద్దేశం కాదు. చదువుతుంటే మీకు మీ ఊరి బడే గుర్తొస్తుంది.

ఒంటిపూట బడుల కాలం. పొద్దున్నే పిల్లలను వరుసల్లో కూర్చోబెట్టారు. షామియానా వేదిక వరకే సరిపోయింది. ముఖ్య అతిథి పదకొండు దాటాక వచ్చారు. శాలువాలు, బొకేలు, జ్యోతి వెలిగించడం, ఒకరి తర్వాత ఒకరు ఉపన్యాసాలు. ఎండ నడినెత్తికి వచ్చాక ఆటలు మొదలయ్యాయి. ఆటలంటే ఒక పరుగు పందెం, చెంచాలో నిమ్మకాయ, ఆడపిల్లలకు కుర్చీలాట. పరుగులో ముగ్గురు గెలిచారు, మూడు స్టీలు గ్లాసులు ఇచ్చారు, ఫొటో దిగారు. మిగతా పిల్లలంతా చప్పట్లు కొట్టడానికే వచ్చినట్టయింది. ఇద్దరు కళ్లు తిరిగి కూలబడితే గ్లూకోజు నీళ్లు తాగించి వరండాలో పడుకోబెట్టారు.

అదే వరండాలో ప్రాజెక్టులు. థర్మాకోల్ అగ్నిపర్వతం, థర్మాకోల్ సౌర కుటుంబం, టౌన్లో జీరాక్సు షాపులో వేయించిన రంగుల చార్టులు. ఒక చార్టు వెనక పెన్సిల్‌తో రాసిన ధర కూడా అలాగే ఉంది. చివరి మూలన నాలుగో తరగతి పాప నోటుబుక్కు తెరిచి కూర్చుంది. వాళ్లింట్లో మగ్గం ఉంది. ఒక చీర దిగడానికి ఎన్ని రోజులు పట్టింది, నాన్న పొద్దుకు ఎన్ని గంటలు మగ్గం మీద కూర్చున్నాడు, అమ్మ ఎన్ని కండెలు చుట్టింది, పట్టు అంచును నూలు చీరకు కలిపే దగ్గర ఇద్దరు మనుషులు ఎందుకు కావాలి, అన్నీ తేదీల వారీగా రాసుకుంది. చివరి పేజీలో ఒక ప్రశ్న ఉంది: “ఈ చీర షాపులో ఎంతకు అమ్ముతారు? మాకు ఎంత వస్తుంది?”

బహుమతులు నిర్ణయించే పెద్దమనిషి ఆ పాప ముందు ఆగి, “చార్టు ఏదమ్మా?” అని అడిగి ముందుకు పోయాడు. బహుమతి అగ్నిపర్వతానికి వచ్చింది.

మన నేల మీద అగ్నిపర్వతం లేదు. మగ్గం ఉంది. గద్వాల చీర పేరు దేశమంతా తెలుసు. ఆ చీర వెనక ఉన్న లెక్కను తొమ్మిదేళ్ల పిల్ల తనంతట తాను తీస్తే, దాన్ని చదివే ఓపిక బడి ప్రాంగణంలో ఒక్క పెద్దమనిషికీ లేకపోయింది. ఈ కరపత్రం అందుకే రాస్తున్నాం.

ఈ నేలకు పరిశోధన కొత్త కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1896లో పుట్టింది ఇప్పటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో. తెలంగాణలో కవులెక్కడున్నారని ఎవరో తేలిగ్గా మాట్లాడితే, ఆయన మాటకు మాట అని ఊరుకోలేదు. ఊరూరా వాకబు చేసి 354 మంది కవులను పోగుచేసి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశాడు. తర్వాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశాడు. రాజులు ఎవరిని గెలిచారన్నది పక్కకు పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తొలి పురస్కారం 1955లో ఆ పుస్తకానికే ఇచ్చింది. అప్పటికి ఆయన లేడు. అంతకుముందు 1952లో వనపర్తి ప్రజలు ఆయన్నే శాసనసభకు పంపారు. ఆటలను కూడా చరిత్రగా లెక్కపెట్టిన మనిషి పుట్టిన గడ్డ మీద, ఇవాళ పిల్లలకు ఆటా లేదు, లెక్కా లేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పటి నుంచి ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. ఉద్దేశం మంచిదే. మరి ఏమైంది? మార్కులున్నాయని చార్టులు వచ్చాయి, చార్టులు కావాలని షాపులు వచ్చాయి. కూలికి పోయే తల్లి ఆ రోజు పైసల్లోంచి తీసి ఇస్తుంది. షాపులో అబ్బాయి నెట్‌లోంచి బొమ్మ దించి, అక్షరాలు కూడా వాడే రాస్తాడు. పిల్ల దాన్ని చుట్ట చుట్టి బడికి మోసుకొస్తుంది. మోసినందుకు మార్కులు. రేపు ఆ పిల్లను “నువ్వేం కనుక్కున్నావు?” అని అడిగితే ఏం చెబుతుంది? ఏ షాపులో తక్కువకు వేస్తారో అదొక్కటే కనుక్కుంది.

మన పిల్లలకు తెలియకనా? గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ వైపు పోయి చూడండి. సీడు పత్తి చేలో సాయంత్రం ఆడ పువ్వు కేసరాలు గిల్లడం, తెల్లారి మగ పువ్వు పుప్పొడి దానికి రుద్దడం, ఏ పువ్వు రేపటికి పనికొస్తుంది, ఏది రాలిపోతుంది అన్నది అక్కడి పదేళ్ల పిల్లకు కళ్లు మూసుకుని చెప్పగలిగినంత తెలుసు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివేవాళ్లు బొమ్మలో చూసే పని అది. ఆ పిల్ల ఆగస్టు నుంచి బడికి రాక చేలో నేర్చుకుంది. పువ్వులు కలిపే ఈ క్రాసింగ్ పని అయిపోయాక బడికి తిరిగొస్తే, ఆమెను వెనక వరుసలో కూర్చోబెట్టి ‘పువ్వు భాగాలు’ చార్టు తెమ్మంటారు. మన పిల్లల వేళ్ల విలువ విత్తన కంపెనీలకు తెలుసు. బడికి ఇంకా తెలియలేదు. పిల్లలను చేలోకి పంపడం తప్పు, నేరం, అందులో రెండో మాట లేదు. ఆ తప్పును ఆ పిల్లే తన నోటుబుక్కులో లెక్కలతో రాస్తే, ఎన్ని రోజులు బడి పోయిందో, ఎంత కూలి వచ్చిందో, ఎవరికి ఎంత మిగిలిందో రాస్తే, ఊరి ముందు చదివితే, దాన్ని వినే ధైర్యం మనకుందా? మాకు అనుమానం ఇక్కడే. థర్మాకోల్ అగ్నిపర్వతం ఎవరినీ ఇబ్బంది పెట్టదు, అందుకే దానికి బహుమతి.

2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది మన పాత మహబూబ్‌నగరే, 55 శాతం దగ్గర. 2016 అక్టోబర్ 11న ఆ జిల్లాను విడగొట్టి మన మూడు జిల్లాలనూ వేరు చేశారు. కలెక్టరేట్లు లేచాయి. పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు మాత్రం ఏ కొత్త ఆఫీసుతోనూ రాలేదు.

ఇక ఆటల సంగతి. సర్కారు బడులను బాగుచేసే ‘మన ఊరు–మన బడి’ పథకం 2022 మార్చి 8న మొదలైంది వనపర్తిలోనే. ఏడు వేల కోట్లకు పైగా ఖర్చు అన్నారు, 12 రకాల పనులన్నారు. ఆ 12 చదవండి. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లు, బల్లలు, రంగులు, వంటగది, డిజిటల్ చదువు అన్నీ ఉన్నాయి. ప్రహరీ గోడ ఉంది. గోడ లోపల పిల్లలు ఆడుకునే జాగా మాట లేదు. అదే ఏడాది ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. మీ ఊళ్లో ఆ బోర్డు ఎక్కడుందో, దాని చుట్టూ ఏం మొలిచిందో మీకే తెలుసు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఆట సామాను కోసం ఏడాదికి 5,000 రూపాయలు. అది వచ్చిన ఏడాదిలో కూడా బంతి బీరువాలోనే ఉంటుంది, పోతే ఎవరు జవాబు చెప్పాలని. ప్రాథమిక బడికి పీఈటీ ఉండడు. విద్యాహక్కు చట్టం కూడా వ్యాయామ విద్యకు మనిషిని ఇమ్మన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వంద మంది పిల్లలు దాటితేనే. పిల్లల సైన్స్ ఆలోచనలకిచ్చే ఇన్‌స్పైర్ మానక్ ఆరో తరగతి నుంచి. బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పదేళ్లు నిండాలి. అంటే ఒకటి నుంచి ఐదు చదివే పిల్లకు తన పరుగు, తన ప్రశ్న నలుగురికీ చూపించుకునే అవకాశం ఏడాదికి ఈ ఒక్క రోజే. ఆ ఒక్క రోజునూ శాలువాలు మింగేశాయి.

ఎండలో కూర్చుంటే పిల్లలకు క్రమశిక్షణ వస్తుందని ఒకాయన మాతో అన్నారు. ఏప్రిల్‌లో గద్వాల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అది క్రమశిక్షణ కాదు, శిక్ష. అతిథులు రాకపోతే దాతలు రారంటారు. దాతలను జెండా పండుగకు పిలవండి, సన్మానం అప్పుడు చేయండి, మేమూ చప్పట్లు కొడతాం.

“ముందు చదవడం, రాయడం రానివ్వండి, తర్వాత చూద్దాం” అనేవాళ్లు కూడా ఉన్నారు. చదవడం, రాయడం నేర్పడానికే తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైంది. తన ఇంటి మగ్గం గురించి నాలుగు పేజీలు రాసిన పిల్లకు రాయడం వచ్చినట్టా, రానట్టా? ఆటకు తీరిక లేదన్న మాటైతే మేం వినం. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేకు ప్రాథమిక టీచర్లను పంపినప్పుడు బడులు మధ్యాహ్నం వరకే నడిచాయి. సర్వేకు దొరికిన టైము ఆటకు దొరకదా? ఒక్క టీచరే ఉన్న బడి ఏం చేయాలంటే, స్కూల్ కాంప్లెక్స్‌లో నాలుగు బడులు ఒకచోట చేరాలి. అందులో కష్టమేమీ లేదు.

మేం అడుగుతున్నది ఇది. ఆటల రోజును మార్చి, ఏప్రిల్ నెలల నుంచి తీసేసి కార్తీకం దాటాక, సంక్రాంతి సెలవుల లోపు పొద్దున పూట పెట్టండి. అప్పటికి క్రాసింగ్ అయిపోతుంది, పిల్లలు బడికి తిరిగొస్తారు, ఎండ ఉండదు. వేదిక వేయొద్దు, మైకు ఆటలు పిలిచే సారు చేతిలోనే ఉండాలి. బడిలో పేరున్న ప్రతి పిల్లా కనీసం రెండు ఆటలు ఆడాలి. కబడ్డీ, ఖోఖో సరే. చిర్రగోనె, తొక్కుడుబిళ్ల, అచ్చనగండ్లు, పులిజూదం కూడా పెట్టండి. వాటికి 5,000 కూడా అక్కర్లేదు. ఆడపిల్లలను కుర్చీల చుట్టూ తిప్పడం మానేసి పరుగు పందెంలో నిలబెట్టండి. కాలు సరిగా లేని పిల్లకు ఏ ఆట ఆడించాలో ముందే ఆలోచించి పెట్టుకోండి, స్కోరు రాసే పని అంటగట్టి చేతులు దులుపుకోవద్దు.

ప్రాజెక్టులో చార్టు, థర్మాకోల్ పూర్తిగా ఆపేయండి. నోటుబుక్కు, పెన్సిల్ చాలు. దసరా సెలవుల తర్వాత ప్రతి పిల్లా తన ప్రశ్న తానే ఎంచుకోవాలి, ఏడాది చివర అదే చదవాలి. అలంపూర్ పిల్లలు కూడవెల్లి గుడిని శ్రీశైలం నీళ్లకు భయపడి రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్లీ ఎలా నిలబెట్టారో, మునిగిన ఊళ్ల జనం ఎటు పోయారో ముసలివాళ్లను అడిగి రాయొచ్చు. అమ్రాబాద్ వైపు చెంచు పెంటల పిల్లలు ఏ చెట్టు తేనె ఏ నెలలో దిగుతుందో రాస్తే, అది అడవి ఆఫీసర్లు కూడా చదవాల్సిన లెక్క. జూరాల కింద చేపలు పట్టేవాళ్ల పిల్లలకు నీళ్లు ఎప్పుడు పెరిగితే ఏ చేప పడుతుందో తెలుసు. వనపర్తిలో పల్లికాయ ఒలిచే ఇంటి పిల్లలకు మార్కెట్ ధర ఏ వారం ఎంత పలికిందో తెలుసు. నాయన బొంబాయి పోయిన పిల్ల, ఆయన ఎన్ని నెలలు ఇంట్లో ఉన్నాడో రాయాలనుకుంటే రాయనివ్వండి. ప్రాజెక్టులు చదివే రోజు ఎదురుగా కూర్చునేది నేతగాడు, గొర్రెలకాపరి, చేపలాయన, నాయనమ్మ. ప్రశ్నలడిగేది వాళ్లే. మార్కులు వేసేది టీచరు. మొదటి, రెండు, మూడు బహుమతులు వద్దు.

వీటికి కొత్త జీవో అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలని ఇప్పటికే చెప్పింది. డీఈఓ ఒక సర్క్యులర్ ఇస్తే, హెడ్‌మాస్టర్లు గట్టిగా నిలబడితే వచ్చే ఏడాదే జరుగుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు కలెక్టరేట్లలోనూ వచ్చే సోమవారం ప్రజావాణిలో ఈ కోరికలతో అర్జీ ఇస్తున్నాం. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లులు ముందు వరుసలో ఉండాలి. వచ్చేటప్పుడు మీ పిల్లలు సొంతంగా రాసిన కాగితం ఏదున్నా, ఒక్క పేజీ అయినా, పట్టుకుని రండి. అర్జీకి జత చేసి ఇద్దాం, రసీదు తీసుకుందాం.