విత్తనపు సంచి చెప్పినది నూనె పొట్లం చెప్పదేల?



జన్యుమార్పిడి ఆహారమనగానే మనకు బీటీ వంకాయ జ్ఞప్తికి వస్తుంది. 2010 ఫిబ్రవరి 9న నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ గారు దానిని నిలిపివేసినారు. అంతటితో ఆ పంచాయితీ తీరినదనీ, మన కంచంలోకి అటువంటిదేదీ రాలేదనీ చాలామంది తలంపు. అది సరి కాదు. దొడ్డిదారిన, నూనె రూపంలో అది ఎప్పుడో వచ్చినది.

2002లో ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతినిచ్చినది. నేడు దేశంలో పత్తి పండే నేలలో నూటికి తొంభై పాళ్లకు పైగా అదే. పత్తి బట్టకే గదా అనుకొంటాము. దూది తీయగా మిగిలిన గింజల నుండి నూనె తీసి, శుద్ధి చేసి, వంటకు అమ్ముతారు. అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల నుండి దిగుమతి అయ్యే సోయా నూనె సంగతీ ఇంతే. చెనిక్కాయలు పండించే మా ఏర్పేడు సీమలో సైతం ఇప్పుడు వంటింట్లో శనగనూనె ఒక్కటే లేదు.

ఇక్కడే ఒక వింత ఉన్నది. రైతు కొనే విత్తనపు సంచి మీద ‘బీటీ’ అని అచ్చు వేయక తప్పదు. ఆ గింజకు పుట్టిన గింజ నూనె అయి మన అంగడికి వచ్చేసరికి ఆ ఇంటిపేరు రాలిపోతుంది. విత్తువానికి ఉన్న హక్కు తినువానికి లేదా?

శుద్ధి చేసిన నూనెలో మారిన జన్యువు గాని, దాని మాంసకృత్తు గాని మిగలవనీ, వృథాగా జనాన్ని బెదరగొట్టవద్దనీ కొందరంటారు. ఆ శాస్త్రంతో నాకు పేచీ లేదు. కాని శాకాహార పొట్లానికి మనం ఆకుపచ్చ చుక్క వేయిస్తున్నామే, అది మాంసం విషమని చెప్పడానికా? కాదు, తినేవాని నియమాన్ని మన్నించడానికి. అదే మన్నన ఇక్కడా చాలును.

పరీక్షలో తేలనిదానిని ఎట్లు వ్రాయడమన్నది రెండవ ఆక్షేపణ. గింజ ఎక్కడిదో మిల్లు లెక్కలలో ఉంటుంది. ఐరోపా సమాజం శుద్ధి చేసిన నూనెకు సైతం ఆ లెక్కల ఆధారంగానే లేబులు వేయిస్తున్నది. అమెరికాలో 2022 నుండి లేబులు తప్పనిసరి అయినా, పరీక్షకు అందని నూనెలను వదలివేసినారు. మనకు మొదటిదే మేలు. చిల్లరగా కొలిచి పోసే నూనెకు లేబులు ఉండదు, నిజమే; కనీసం అంగడి ముందు పలక మీద వ్రాయవచ్చును.

మన దేశంలో చట్టమే లేదని కాదు. ఇట్టి ఆహారపు పొట్లాల మీద ‘జీఎం’ అని వ్రాయవలెనన్న నిబంధన 2013 జనవరి 1న అమలులోకి వచ్చినది. అయినను 2024 జూలై 23న జన్యుమార్పిడి ఆవాల కేసులో భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చిన ఇద్దరు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, దిగుమతి నూనెల లేబులు విషయంలో మాత్రం ఏకమై, చట్టాన్ని పాటించుడని ప్రభుత్వానికి గుర్తుచేయవలసి వచ్చినది!

తెలుగు పండితునిగా ఒక్క మాట. ‘జీఎం’ అన్న రెండు ఆంగ్లాక్షరాలు మా ఊరి అవ్వకు ఏమి చెప్పగలవు? ‘జన్యుమార్పిడి పత్తిగింజల నూనె’ అని తెలుగులో, కంటికి ఆనే అక్షరాలతో ఉండవలెను. చదివి కొనేవారు కొంటారు, మానేవారు మానుతారు. చదవలేని లేబులు లేనిదానితో సమానం.

మీరేమంటారు? విభేదించేవారి వ్యాఖ్యలకు మరింత స్వాగతం.