‘ఇంతకీ నువ్వు ఎవరి ఫ్యాన్?’

అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని రామోజీ ఫిల్మ్ సిటీలో 2025 నవంబర్ 15న రాజమౌళి, మహేశ్‌బాబు సినిమా పేరు ‘వారణాసి’ అని వేలమంది అభిమానుల ముందు ప్రకటించారు. ముందురోజు రాత్రి పెద్ద తెర మీద వీడియోను పరీక్షిస్తుంటే ఎవరో డ్రోన్‌తో తీసి నెట్‌లో పెట్టేశారని రాజమౌళి వేదిక మీదే వాపోయారు. తర్వాత ప్రదర్శనకు సాంకేతిక అంతరాయం, ఆ బాధలో హనుమంతుడి గురించి ఆయన అన్న మాట, దాని మీద సరూర్‌నగర్ పోలీసులకు ఫిర్యాదు. ఇక చూడాలి. దర్శకుడి పాత ట్వీట్లు తవ్వి తీసినవాళ్లు ఒకవైపు, ఆయన్ను పల్లెత్తు మాట అన్నవారి మీదల్లా విరుచుకుపడ్డవాళ్లు మరోవైపు. యుగాలూ ఖండాలూ దాటి వెళ్లే కథను ఆ గ్లింప్స్ ఎంత నమ్మించింది, గ్రాఫిక్స్ ఎక్కడ పండాయి, ఎక్కడ తేలిపోయాయి అన్న ముచ్చట ఆ గోలలో పెద్దగా వినపడలేదు.

అభిమానుల గోల మనకు కొత్తదేమీ కాదు. పోస్టర్ల మీద పేడ కొట్టడం, కటౌట్ల ఎత్తులో పోటీ పడటం ఇంటర్నెట్‌కు ఎంతో ముందటివి. అయితే దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్ దగ్గరో, వెంకటాద్రి దగ్గరో మొదలైన గొడవ అక్కడే చల్లారేది. సినిమా బాగోగుల మీద మాటలు టీ కొట్టు దగ్గర, ఇంట్లో, ఆఫీసులో విడిగా నడిచేవి. ఇప్పుడు రెండూ ఒకే తెర మీదికొచ్చాయి. సినిమా గురించి ఏ చిన్న సందేహం వెలిబుచ్చినా వచ్చే మొదటి ప్రశ్న ‘ఇంతకీ నువ్వు ఎవరి ఫ్యాన్?’ అనే. మన పెద్ద సినిమాలకు యాంటీ ఫ్యాన్స్ చేసే చెరుపు కన్నా, సొంత వీరాభిమానులు అడిగే ఈ ప్రశ్న చేసే చెరుపే ఎక్కువని నా వాదన. ద్వేషించేవాడు దీనికి వెనక్కి తగ్గడు, వాడికి అదే కావాలి. ‘నచ్చింది, కానీ...’ అనబోయినవాడే నోరు మూసుకుంటాడు. నాలుగు ఫైట్లు, ఐదు పాటల సినిమాకు దీనివల్ల పోయేదేమీ లేదు. కొత్తదారి తొక్కిన సినిమాకు మాత్రం ఆ ‘కానీ’ తర్వాతి మాటే కావాలి.

‘ఆదిపురుష్’నే తీసుకోండి. 2022 అక్టోబర్‌లో టీజర్ రాగానే గ్రాఫిక్స్ మీద విమర్శలు వెల్లువెత్తాయి. నిర్మాతలు 2023 సంక్రాంతికి రావాల్సిన సినిమాను జూన్ 16కు వాయిదా వేసి, మెరుగులు దిద్దడానికి వ్యవధి తీసుకున్నారు. ఫలితం ఎలా ఉన్నా, వాళ్లు విమర్శను విన్నారన్నది నిజం. విడుదల రోజున హైదరాబాద్ ప్రసాద్స్ ముందు సినిమా బాగాలేదని కెమెరాకు చెప్పిన ప్రేక్షకుణ్ని మాత్రం కొందరు కొట్టారు. ‘కల్కి 2898 ఏడీ’ ఫస్టాఫ్ సాగిందంటే ‘వెయ్యి కోట్లు’ అని జవాబొచ్చింది. అడిగింది కథనం గురించి, చెప్పింది లెక్క! ‘1: నేనొక్కడినే’ 2014 జనవరి 10న వస్తే, రెండు రోజులకే ‘ఎవడు’ వచ్చింది. జ్ఞాపకానికీ భ్రమకూ మధ్య నలిగే హీరో కథను సుకుమార్ ఎలా చెప్పాడన్నది పక్కకుపోయి, సంక్రాంతి ఎవరిదన్నదే చర్చయింది. డివైడ్ టాక్ తర్వాత ఆ సినిమాను దాదాపు 20 నిమిషాలు కత్తిరించారు. ఇప్పుడు దాన్ని మెచ్చుకునేవాళ్లకు కొదవలేదు. ఆ మెచ్చుకోలు అన్నేళ్లు ఆలస్యం కావడానికి హీరోల లెక్కలో సినిమాను తూచడం కూడా ఒక కారణమే.

అభిమానులే లేకపోతే వందల కోట్లు పెట్టేదెవరని అడగవచ్చు. నిజమే, పెంచిన ధరకు తొలిరోజు టికెట్ కొనేది వాళ్లే. కానీ ఆ సాయం టికెట్ కొనడంతో పూర్తవుతుంది. పక్కవాడి నోరు నొక్కడం వల్ల ఓపెనింగ్‌కు ఒక్క రూపాయి కలవదు. డబ్బిచ్చి రాయించే నెగెటివ్ రివ్యూల మాటేమిటన్నది మరో ప్రశ్న. ‘కంగువా’ తర్వాత తమిళ నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్లింది ఈ గోడుతోనే. రివ్యూలను ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. అలాంటి రాతలు లేవని నేననను. అయితే విమర్శించినవాళ్లందరినీ ‘పెయిడ్ బ్యాచ్’ అంటుంటే అసలు పెయిడ్ వాడు గుంపులో హాయిగా దాక్కుంటాడు. ఇక ‘బాహుబలి’ 2015లో తొలిరోజు డివైడ్ టాక్‌ను తట్టుకుని నిలబడలేదా, నెట్‌లో అరుపులను ఎవరు పట్టించుకుంటారు అనేవాళ్లూ ఉన్నారు. దాన్ని నిలబెట్టింది కుటుంబాలతో వచ్చిన మామూలు ప్రేక్షకుల నోటిమాట. మొదటి వారాంతంలోనే జాతకం తేలిపోయే ఈ రోజుల్లో ఆ నోటిమాటకు దొరికే వ్యవధి చాలా తక్కువ.

2024 ఆగస్టులో ‘కల్కి’లో ప్రభాస్ జోకర్‌లా ఉన్నాడని హిందీ నటుడు అర్షద్ వార్సీ అన్నాడు. మోటు మాటే. అభిమానులు ఆయన మీద తిట్ల వర్షం కురిపించారు. తెలుగు నటుల సంఘం ‘మా’ అధ్యక్షుడు మంచు విష్ణు ముంబై నటుల సంఘానికి లేఖ రాశారు. దర్శకుడు నాగ్ అశ్విన్ మాత్రం ఉత్తరం, దక్షిణం అంటూ వెనక్కి వెళ్లొద్దని, ఆయన కాస్త మంచి మాట వాడి ఉండాల్సిందని అంటూనే, రెండో భాగంలో ప్రభాస్‌ను ఇంకా బాగా చూపించడానికి కష్టపడతానన్నాడు. ఆ తిట్టులో తన పనికి పనికొచ్చేది ఏముందో వెతుక్కున్నది సినిమా తీసినవాడొక్కడే.

అందరు నిర్మాతలూ ఇంత నిదానంగా లేరు, తప్పంతా అభిమానుల మీదికి నెట్టడమూ న్యాయం కాదు. 2025 జనవరిలో ‘గేమ్ ఛేంజర్’ తొలిరోజు వసూలు 186 కోట్లని పోస్టర్ వేసింది నిర్మాణ సంస్థే. ఆ అంకె నమ్మదగినదా కాదా అన్న కొట్లాటలో దర్శకుడు శంకర్ ఏం తీశాడన్నది కొట్టుకుపోయింది. మన పెద్ద సంస్థల్లో ఒక్కటైనా తొలి వారం వసూళ్ల పోస్టర్ మానేసి చూడాలి. కొట్టుకోవడానికి అంకె దొరకని అభిమానులు, తప్పదు కాబట్టైనా, సినిమా గురించి మాట్లాడుకుంటారు.