‘అండీ’కి ఇంగ్లీషులో ఏమనాలి?

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పటం ఈమధ్య చాలామంది గృహిణులకూ, రిటైరయిన టీచర్లకూ మంచి వ్యాపకమయింది. నాలుగు రాళ్ళు కూడా వస్తాయి. “మొదటిరోజు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలండీ?” అని నన్ను అడుగుతూంటారు. ఏ పుస్తకమూ వద్దు, ఆ గంటంతా వినండి అంటాను. ఏదో దాటవేస్తున్నాననుకుంటారు కాబోలు!

ఈమధ్య నా దగ్గర చేరిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. వాళ్ళది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో నర్సు. ఇంగ్లండులో ఉద్యోగం చెయ్యాలని పట్టుదల. అందుకు ఓ.ఇ.టి. అని, వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష వ్రాసింది. వినటం, చదవటం, వ్రాయటం, మాట్లాడటం, ఇలా నాలుగు భాగాలు. మూడు దాటింది. మాట్లాడటంలో మాత్రం 500కి 350 రావాలి, రాలేదు. ఫీజు తక్కువేమీ కాదు. కూతురి చదువు కోసం తండ్రి తాకట్టు పెట్టిన అరెకరం ఇంకా విడిపించుకోనే లేదు. “ఇంకొక్కసారే కడతాను మేడమ్, పోతే ఇక్కడే ఉండిపోతాను” అంది.

పాఠానికి ముందురోజు ఫోనుచేసి తెలుగులోనే పది నిమిషాలు మాట్లాడాను. ఇది నా అలవాటు. ఫోను చేత్తో పట్టుకోకుండా పుస్తకాల దొంతిమీద ముఖానికి ఎదురుగా నిలబెట్టుకోమన్నాను. కిటికీకి వీపుపెట్టి కూర్చుంటే ముఖం నల్లటి నీడలా కనిపిస్తుంది. నాకు పెదవులు కనపడాలి మరి! ఇంగ్లీషులో ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ తేడా అంతా పెదవుల దగ్గరే ఉంది. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా పాఠానికి రావద్దన్నాను. హాస్టలు స్నేహితురాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవద్దన్నాను. పక్కన నవ్వే మనిషి ఒకరుంటే చాలు, నోరు పెగలదు.

‘మీ గురించి చెప్పండి’ అని మాత్రం మొదటిరోజు ఎవరినీ అడగకండి. “మైసెల్ఫ్” అని మొదలుపెట్టి, తండ్రిపేరు, చదువు, హాబీలు, అన్నీ ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒప్పజెబుతారు. అందులో వాళ్ళ ఇంగ్లీషు మీకు వినపడదు. నేను, “నిన్న రాత్రి వార్డులో ఏం జరిగింది?” అని ఇంగ్లీషులో అడిగాను. నిశ్శబ్దం. ఇంటర్నెట్టులో గొంతు ఒక్కొక్కప్పుడు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఊరుకోలేక మనం అందుకున్నామా, ఇద్దరి మాటలూ ఢీకొని ఆ పిల్ల మళ్ళీ ముడుచుకుపోతుంది. మనసులో పదిదాకా లెక్కపెట్టాను. ఏడు దగ్గర గొంతు పెగిలింది.

ఎవరో పెద్దాయన సెలైను గొట్టం పీకేసుకుంటూంటే, తెల్లవారేదాకా చెయ్యి పట్టుకు కూర్చుందట. “హీ ఈజ్ రిమూవింగ్, ఐ యామ్ టెల్లింగ్ నో నో” అంటూ పదకొండు నిమిషాలు చెప్పింది. నేనొక్క మాటా దిద్దలేదు. కాగితంమీద గుర్తులు పెట్టుకున్నానంతే.

తరువాత నేను ఇంజక్షనంటే భయపడే ముసలమ్మనయ్యాను. పరీక్షలోనూ ఇంతే, సుమారు అయిదేసి నిమిషాల సంభాషణలు రెండుంటాయి, వాటిలో అవతలి మనిషి రోగిగా నటిస్తాడు. మా అమ్మాయి అంది గదా: “సిట్. గివ్ యువర్ హ్యాండ్. వై ఆర్ యూ ఫియరింగ్? నథింగ్ విల్ హ్యాపెన్.”

నాకు నిజంగానే భయం వేసింది!

“ఇదే తెలుగులో చెప్పమ్మా” అన్నాను.

“కూర్చోండి మామ్మగారూ. చెయ్యి ఇలా ఇవ్వండి. భయమెందుకండీ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే.”

చూశారా! మనిషి ఆ మనిషే. మన భాషలో మర్యాద క్రియకు చివర తోకలా అంటుకుని ఉంటుంది. ‘కూర్చో’కు ‘అండి’ చేరిస్తే చాలు, గౌరవం వచ్చేస్తుంది. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అనువాదం చేసుకునేటప్పుడు ‘అండి’ దారిలో జారిపోయి ఉత్త ఆజ్ఞ మిగిలింది. వాళ్ళు మర్యాదను వాక్యానికి ముందు పెట్టుకుంటారు: “వుడ్ యూ లైక్ టు సిట్ డౌన్?” “కుడ్ ఐ సీ యువర్ ఆర్మ్?” ఉత్త ‘ప్లీజ్’ తగిలిస్తే పని సగమే అవుతుంది. 2018 నుంచి ఈ పరీక్షలో, రోగితో మెలిగే తీరుకు విడిగా మార్కులిస్తున్నారు కూడాను.

ఇదంతా చెప్పేసరికి ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. “అంటే మేడమ్, నేను పేషెంట్లను కసురుకుంటున్నట్టు వినపడిందా వాళ్ళకి?” అంది. రాత్రంతా ముసలాయన చెయ్యి పట్టుకు కూర్చున్న పిల్ల! మార్కులు పోయినందుకంటే ఈ మాటకే ఎక్కువ బాధపడిందని నా అనుమానం.

నా కాగితంమీద ఇరవైమూడు తప్పులున్నాయి. మూడే చెప్పాను. ఒకటి ఈ ‘అండి’. రెండోది “ఆర్ యూ పెయినింగ్?” అనటం. మనకు నొప్పి ‘నాకు’ ఉంటుంది, ఇంగ్లీషులో చెయ్యే నొప్పి పెడుతుంది; “డజ్ ఇట్ హర్ట్?” అంటే సరి. మూడోది, తల తిరుగుతోందా అని అడిగే ‘డిజ్జీ’ని ‘జీలకర్ర’లోని జకారంతో పలకటం. ‘రోజు’ అనమన్నాను. ఆ జకారాన్ని కొంచెం సాగదీసి, దానికి ‘ఈ’ చేర్చమన్నాను. రెండోసారికే వచ్చేసింది. కావలసిన ధ్వని మన నోట్లోనే ఉంది సుమండీ, అది ‘ఈ’ పక్కన రావటమే మనకు అలవాటు లేదు. తక్కిన ఇరవై తప్పులకూ తొందరేమీ లేదు.

ఇంటిపనిగా వ్యాకరణం ఇవ్వలేదు. వార్డులో తాను ‘అండి’ అన్నప్పుడల్లా, ఆ మాటను ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో ఆలోచించి వ్రాసుకోమన్నాను.

రెండో పాఠానికి పధ్నాలుగు వాక్యాలు వ్రాసుకొచ్చింది. కొన్ని వంకరగానే ఉన్నాయి. ఒకటి మాత్రం, “మే ఐ సిట్ విత్ యూ ఫర్ ఎ మినిట్?” అని. అది నేను నేర్పింది కాదు. పరీక్షకింకా రెండు నెలలుంది.