దవడలు బిగిసిన ప్రతి కుక్కా పిచ్చికుక్క కాదు

ప్రశ్న: మా కుక్క కాలిలో ఇనుప మేకు దిగింది. పీకేసి పసుపు అద్దాము. ఎనిమిది రోజులకు దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి, నొసలు ముడతలు పడింది. నోరు తెరవలేక, కొయ్యగుర్రంలా నిలబడుతోంది. చిన్న చప్పుడుకే వులిక్కిపడి బిగుసుకుపోతోంది. పిచ్చి పట్టింది, చంపించెయ్యమంటున్నారు ఇరుగుపొరుగువారు. మా అబ్బాయి దానికి అన్నం పెట్టబోతే వాడి వేలికి దాని పన్ను గీసుకుంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, ఆళ్ళగడ్డ

జవాబు: అమ్మా, కుక్క సంగతి తరువాత. ముందు అబ్బాయి వేలును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగించి, ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కుక్కకు వచ్చింది రేబీసో కాదో తేలేదాకా ఆగవద్దు. రేబీస్ లక్షణాలు మనిషిలో బయటపడ్డాక బ్రతికించడం దాదాపు అసాధ్యం. డాక్టరు చెప్పిన టీకాలన్నీ తేదీ తప్పకుండా వేయించండి. వేలి నుంచి రక్తం వచ్చి వుంటే ఆ మాట తప్పక చెప్పండి. గాయం చుట్టూ వేసే మందు కూడా అవసరం కావచ్చు.

ఇక కుక్క విషయం. మీరు వ్రాసిన లక్షణాలు ధనుర్వాతాన్ని తలపిస్తున్నాయి. కుక్కల్లో ఇది అరుదు. గుర్రాన్నీ మనిషినీ తేలికగా లొంగదీసే ఆ విషానికి కుక్క అంత సులభంగా లొంగదు. తప్పు తుప్పుది కాదు. ఈ సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో వుంటుంది. గాలి తగలని లోతైన గాయంలో పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాలకు పాకి కండరాలను బిగిస్తుంది.

దీన్ని రూఢి చేసే రక్తపరీక్ష ఏదీ లేదు. గాయాన్నీ లక్షణాలనూ చూసి పశువైద్యుడే పోల్చుకోవాలి. ధనుర్వాతంలో సాధారణంగా కుక్కకు తెలివి వుంటుంది, యజమానిని గుర్తిస్తుంది. రేబీస్‌లో ప్రవర్తన, అరుపు మారతాయి. దవడ బిగియడానికి బదులు తరచు వ్రేలాడిపోతుంది. విషప్రయోగమైతే గంటల్లోనే కొట్టుకుంటుంది. మెదడు పొరల వాపులో జ్వరం, మెడనొప్పి కనిపించవచ్చు. దానికి వెన్నునీరు పరీక్షించాలి. అయితే ఈ తేడాలను నమ్ముకుని మీరు దాని నోట్లో చెయ్యి పెట్టవద్దు. బ్రతికుండగా కుక్కకు రేబీస్ లేదని ఖాయంగా చెప్పడం కష్టం.

కుక్కను చీకటిగా, నిశ్శబ్దంగా వుండే గదిలో వుంచండి. బలవంతంగా నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పశువైద్యుణ్ణి పిలిపించండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వుంది. గాయం శుభ్రం చేసి, విషానికి విరుగుడు, సూక్ష్మజీవికి మందు, బిగువు తగ్గించే మందు ఇస్తారు. కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. ఓపిక పడితే చాలా కుక్కలు బ్రతుకుతాయి.

ప్రశ్న: మా కుక్కకు ఏటా ధనుర్వాతం ఇంజక్షన్ చేయించాలా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అక్కరలేదు. గాయమైతే వెంటనే శుభ్రం చేయించండి, అది చాలు. రేబీస్ టీకా మాత్రం ఒక్క ఏడూ మానవద్దు.