మన నడకకు బ్యాండ్ రాదా?

పలాస, టెక్కలి, సోంపేటల నుంచి ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కి విశాఖపట్నం వెళ్లే పిల్లల సంచిలో ఒక జిరాక్స్ కట్ట ఉంటుంది. స్పీకింగ్ పరీక్షలో ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో అందులో అచ్చేసి ఉంటుంది. నడక పేజీ తీస్తే కనిపించే జవాబు దాదాపు ఇది: రోజూ పొద్దున్నే మా ఇంటి దగ్గరి పార్కులో అరగంట నడుస్తాను, స్ట్రెస్ తగ్గుతుంది, మనసు రీచార్జ్ అవుతుంది, ఫోన్‌లో స్టెప్పులు లెక్కపెట్టుకుంటాను, రోజుకు పదివేలు నా టార్గెట్. ఈ జవాబు మొదలయ్యేది 'టు బి ఆనెస్ట్' అనే మాటతో!

వజ్రపుకొత్తూరు మండలంలో ఇంటి దగ్గర పార్కు ఎక్కడుందని ఆ పిల్లాణ్ణి అడిగితే నవ్వుతాడు. వాడికీ తెలుసు. వాళ్ల నాన్నకూ తెలుసు, పేజీ ఇచ్చిన మాస్టారికీ తెలుసు. అందరూ కలిసి ఒప్పుకున్న సంగతి ఒకటే: మన ఊళ్లో చెప్పుకోదగ్గ నడకేమీ లేదు, ఉన్నా అది ఇంగ్లీషులో చెప్పేది కాదు, చెప్పినా దానికి బ్యాండ్, అంటే పరీక్ష స్కోరు, రాదు. ఈ అభిప్రాయం ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, దాన్ని అభిప్రాయం అని కూడా ఎవరూ అనుకోవడం లేదు. పరీక్ష రూలే అదనుకుంటున్నారు. ఆ రూలు ఎక్కడా లేదు.

స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. మొదటి భాగంలో నాలుగైదు నిమిషాలు ఇల్లు, చదువు, ఉద్యోగం, రోజువారీ అలవాట్ల మీద చిన్న ప్రశ్నలు. నడక వచ్చేది సాధారణంగా ఇక్కడే. మీకు నడవడం ఇష్టమేనా, చిన్నప్పుడు బయటికి నడిచి వెళ్లేవారా, జనం పార్కుల్లో ఎందుకు నడుస్తారు, అవకాశం వస్తే దూరం నడవాలని ఎక్కడ ఉంది, ఇలా ఉంటాయి. మార్కులు నాలుగింటికి, సమానంగా: తడబాటు లేకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఈ నాలుగింటిలో పార్కు ఉందా? జాగింగ్ బూట్లు ఉన్నాయా? మీ నాన్న ఏం చేస్తారన్నది ఉందా? నిజం చెప్పారా అన్నది కూడా లేదు. అబద్ధం చెబితే మార్కు తగ్గదు, నిజం చెబితే పెరగదు. కాబట్టి నేనిక్కడ నీతిపాఠం చెప్పడం లేదు. పార్కు జవాబు పాపమని కాదు, పనికిరాదని నా గొడవ.

ఎందుకు పనికిరాదో పరీక్ష పెట్టేవాళ్లే కాగితం మీద రాసిపెట్టారు. ఏ బ్యాండ్‌కు ఎలాంటి మాట తీరు ఉండాలో చెప్పే పట్టిక అందరికీ అందుబాటులోనే ఉంది. అందులో బట్టీపట్టిన మాటలు వల్లించడం అన్నది వ్యాకరణం కింద మూడో బ్యాండ్ దగ్గర, పదసంపద కింద రెండో బ్యాండ్ దగ్గర కనిపిస్తుంది. ఆరున్నర కోసం బయల్దేరినవాడి చేత మూడో మెట్టు లక్షణం కంఠతా పట్టిస్తున్నాం. దానికి ఫీజు కూడా కడుతున్నాం.

సరే, ఎగ్జామినర్ కనిపెట్టలేదనే అనుకుందాం. మొదటి ప్రశ్న గట్టెక్కుతుంది. రెండో ప్రశ్న చిన్నప్పటి గురించి. పేజీలో చిన్నతనం కూడా పార్కులోనే గడిచి ఉంటుంది. 'ఎందుకు?' అని ఒక్క మాట అడిగితే చాలు, లేని పార్కులో లేని చెట్ల కింద లేని స్నేహితుల గురించి చెప్పడానికి సరుకు ఉండదు. మాటలు ఆగేది ఇంగ్లీషు రాక కాదు, చూసింది ఏమీ లేక. ఆ మౌనానికి మార్కు పోయేది మాత్రం ఇంగ్లీషు ఖాతాలోంచే.

మాక్ ఇంటర్వ్యూలలో ఇలా ఆగిపోయినవాళ్లను తెలుగులోకి దించితే వేరే మనుషులైపోతారు. "అది కూడా నడకేనేటి మాస్టారూ? మాయమ్మ పొద్దున్నే జీడిమిల్లుకి నడిసే ఎల్తాది. ఆటోకి డబ్బులెక్కడివి?" అన్నది ఒక అమ్మాయి. ఆ తర్వాత ఆపకుండా చెప్పుకొచ్చింది. చీకటితో లేవడం, నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లడం, జీడిపిక్కల తొక్క నూనె అంటి నల్లబడిన వేళ్లు, వచ్చేటప్పుడు మాటల్లో పడి దూరం తెలియకపోవడం. ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవన్నీ వరసగా వచ్చేశాయి. ఎగ్జామినర్ పొందిక అనేది దీన్నే. ఇక కావాల్సింది ఇంగ్లీషు మాత్రమే. పార్కు పేజీ పట్టుకున్నవాడికి ఇంగ్లీషూ కావాలి, సంగతీ కావాలి.

పైగా మనవాళ్ల నడకలో వ్యాకరణం పుష్కలంగా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు ఎలా పడిపోయాయో చూసిన పిల్లలే ఇప్పుడు ఈ పరీక్షకు కూర్చుంటున్నారు. వాళ్లకు ప్రతి దారీ రెండు దారులు, తుపానుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. చిన్నప్పుడు బడికి తోటల్లోంచి నడిచి వెళ్లేవాళ్లం, ఎండ తగిలేది కాదు. తుపాను వచ్చిన వారం రోడ్డు మీద చెట్లు ఎక్కి దిగుతూ నడిచాం. అప్పటినుంచి ఆ దారిలో నీడ లేదు. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అవి పెరిగి ఉంటే ఇప్పుడు కూడా నడిచే వెళ్లేవాణ్ణి. ఈ అయిదు వాక్యాలను ఇంగ్లీషులోకి తెచ్చి చూడండి. 'యూజ్డ్ టు' కావాలి, సింపుల్ పాస్ట్ కావాలి, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కావాలి, 'ఇఫ్' వాక్యం కావాలి. ఏడో బ్యాండ్‌కు అడిగే రకరకాల వాక్యనిర్మాణాలు అడక్కుండానే వచ్చి కూర్చుంటాయి. పార్కు పేజీలో ఎక్కువగా ఉన్నది వర్తమానకాలమే. రోజూ వెళ్తాను, రోజూ నడుస్తాను, రోజూ హాయిగా ఉంటుంది.

పదివేల అడుగుల సంగతీ చెప్పాలి. వైద్యశాస్త్రం తేల్చిన లెక్కలా పిల్లలు దాన్ని వల్లిస్తారు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరే 'మాంపో-కెయ్', పదివేల అడుగుల మీటరని. వినడానికి బాగున్న అంకె ప్రపంచమంతా తిరిగి కాశీబుగ్గ దాకా వచ్చింది. మందస కొండల్లోంచి సంతకు దిగే సవర ఆడవాళ్లకు ఆ మీటరు కడితే ఏం చూపించేదో గానీ, వాళ్లది నడక కిందికి రాదని మన పిల్లలకు నేర్పింది ఎవరు? జపాన్ కంపెనీ కాదు, మనమే.

నడక మీద మాట్లాడటానికి ఈ సీమకు అర్హత లేదనడం మరీ విడ్డూరం. తెలుగునాట పాదయాత్ర అనగానే గుర్తొచ్చే ఊరు ఇచ్ఛాపురం. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్లలో మొదలుపెట్టిన నడక ముగిసింది అక్కడ. 2013లో షర్మిల ఆగింది అక్కడే. 2017 నవంబరులో ఇడుపులపాయలో బయల్దేరిన జగన్‌మోహన్‌రెడ్డి 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరి 9న చేరిందీ ఆ ఊరికే. అంతకు చాలా ముందు, 1937లో, ఆంధ్ర రైతుల యాత్ర మొదలైంది ఇచ్ఛాపురం నుంచే. 130 రోజులు, 1,500 మైళ్లకు పైగా, తొమ్మిది జిల్లాల మీదుగా నడిచి, దారిలో పోగైన 1,100కు పైగా అర్జీలను 1938 మార్చి 27న మద్రాసు శాసనసభ ముందు పెట్టారు. నాయకుల యాత్రలు ఇక్కడ ముగిశాయి, రైతుల యాత్ర ఇక్కడ మొదలైంది. ఈ తేడా ఎవరైనా గమనించారో లేదో. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు జాతీయ రహదారి పట్టుకుని ఒడిశా వైపు నడిచిపోతుంటే రోడ్డు పక్కన నీళ్లూ అన్నమూ పెట్టినవాళ్లలో ఈ ప్రాంతపు జనం ఉన్నారు. జనం ఎందుకు నడుస్తారన్న ప్రశ్నకు ఆరోగ్యం కోసం అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవాల్సిన ఖర్మ ఇచ్ఛాపురం పిల్లాడికి ఎందుకు పట్టాలి?

ఇక్కడ నా వైపు వాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. సొంత కథ చెప్పమంటే కొందరు మాస్టార్లు అటు చివరకు పోతున్నారు. మన ఉద్దానం ప్రాంతం అంటే కిడ్నీ జబ్బు, కాబట్టి ఇంట్లో ఎవరో డయాలసిస్‌కు వెళ్తున్నట్టు చెప్పు, ఎగ్జామినర్ మనసు కరుగుతుంది అంటున్నారు. ఇది పార్కు కంటే ఘోరం. జాలికి కూడా ఆ నాలుగు లెక్కల్లో చోటు లేదు. కవిటిలోనో సోంపేటలోనో నిజంగా ఆ ఇబ్బంది పడుతున్న ఇంటి పిల్లాడు చెప్పదలచుకుంటే చెబుతాడు, లేదంటే లేదు. అది వాడిష్టం. నేను అడుగుతున్నది కన్నీళ్లు కాదు, మామూలు నడక. బారువ ఒడ్డున సాయంత్రం తిరగడం చెప్పినా చాలు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో, చీకటుండగానే ఇసుక మీద జాడలు చూసుకుంటూ గుడ్లు ఏరి హేచరీకి చేర్చేవాళ్ల వెంట ఒక్కసారి వెళ్లినా, ఎక్కడ నడవాలనుంది అన్న ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు స్విట్జర్లాండ్‌లో దొరకదు. మన పేజీలో స్విట్జర్లాండ్ ఉంది మరి! పొరుగింటి పుల్లకూర రుచి.

బట్టీని సమర్థించేవాళ్ల వాదనల్లో ఒకదానికి మాత్రం బలముంది. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషులో నాలుగు మాటలు కలిపి మాట్లాడిన అలవాటు లేదు, రెండు నెలల్లో పరీక్ష. అలాంటివాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా అంటారు. ఇవ్వాలి, కాదనను. కాకపోతే ఇవ్వాల్సింది వాక్యం కట్టే తీరు, అందులో పోసే సంగతి కాదు. 'నేను పెరిగిన చోట ఇలా ఉండేది, ఆ తర్వాత ఇలా మారింది, దానికి కారణం ఇది' అన్న మూడు వాక్యాల కట్టుబడిని నోటికి అలవాటు చేస్తే వాడు అందులో నడకే కాదు, తిండి పెట్టగలడు, వర్షం పెట్టగలడు, పండుగ పెట్టగలడు. పార్కు పేజీ పార్కుకు మాత్రమే పనికొస్తుంది. జనవరి, మే, సెప్టెంబరుల్లో ప్రశ్నలు మారతాయని కోచింగ్ సెంటర్ల లెక్క. అంటే నాలుగు నెలలకోసారి కొత్త కట్ట కొనాలి. కట్ట అమ్మేవాళ్లకు ఇందులో ఉన్న లాభం వేరే చెప్పాలా?

ఇక అందరూ చివరికి వేసే అస్త్రం ఒకటుంది. ఎగ్జామినర్‌కు పలాస ఎక్కడుందో తెలియదు, జీడిపిక్క అంటే తెలియదు, అర్థం కాని మాట ఎందుకు అనేది. ఈ వాదన వింటే నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. తెలియనివాడికి తెలిసేలా చెప్పడం కాకపోతే భాష పరీక్ష ఇంకెందుకు? జీడిపిక్కకు ఇంగ్లీషు మాట తట్టకపోతే, గట్టి పెంకు ఉంటుంది, కాల్చి కొట్టి లోపలి పప్పు తీస్తారు అని వర్ణిస్తే చాలు. మాట దొరకనప్పుడు చుట్టూ తిరిగి చెప్పగలగడం కూడా పదసంపద కింద లెక్కే, అదీ ఆ పట్టికలోనే ఉంది. పార్కు గురించి ఎగ్జామినర్‌కు ముందే తెలుసు. ఆ రోజు పొద్దుటి నుంచి అదే పార్కు ఎంతమంది నోట విన్నాడో! అతనికి తెలియనిది చెప్పే అవకాశం ఉన్న పిల్ల, తెలిసిందే మళ్లీ చెప్పి వస్తోంది.

మూడో భాగం వచ్చేసరికి ఈ వాదన పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ప్రశ్నలు పెద్దవి, ముందుగా ఊహించలేనివి. జనం ఇదివరకు కంటే తక్కువ నడుస్తున్నారా, పాదచారుల కోసం ప్రభుత్వాలు ఖర్చు పెట్టాలా అని అడగవచ్చు. రోజూ జాతీయ రహదారి అంచున నడిచి కాలేజీ బస్సు ఎక్కిన పిల్లకు, వంతెన కింద దారి ఒకచోట ఉంటే జనం ఇంకోచోట ఎందుకు దాటుతారో తెలుసు. సర్వీస్ ఆటోలు వచ్చాక ఎవరు నడక మానేశారో, ఎవరు మానలేకపోయారో తెలుసు. రాత్రి పూట ఆడపిల్ల నడవడానికి ఏ రోడ్డు పనికొస్తుందో, ఏది రాదో కూడా తెలుసు. అభిప్రాయం ఉంది, కారణం ఉంది, ఉదాహరణ ఉంది. లేనివి ఆర్టికల్సూ ప్రిపొజిషన్లే. కోచింగ్ సెంటర్ ఫీజు తీసుకున్నది అవి నేర్పడానికే.